బల్ల మీద ఆటుపోట్లు: రెండు తొట్లు, పది నెలలు

జూన్ 2024

మాది విశాఖలో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో టీవీ పక్కన ఖాళీగా ఉన్న మూలకు 45 లీటర్ల గాజు తొట్టి వచ్చింది. పొడుగు 60 సెంటీమీటర్లు, వెడల్పు 25, ఎత్తు 30. చేపలు వద్దు, రొయ్యలే అని ముందే అనుకున్నాను. చెరువు రొయ్య మన జిల్లాలకు కొత్త కాదు గానీ, ఇప్పుడు నేను పెంచబోయేది దాని దూరపు చుట్టం, చెర్రీ రొయ్య. ఒళ్ళంతా పండుమిరప రంగు, ఎంత పెరిగినా అంగుళం చుట్టుపక్కలే. వనామీ, టైగర్ రొయ్యల పిల్లలకు ఉప్పునీళ్ళు కావాలి. దీనికి పుట్టినప్పటి నుంచీ మంచినీళ్ళే. నీళ్ళలో తేలుతూ తిరిగే లార్వా దశ కూడా లేదు. గుడ్డులోంచి బయటికొచ్చేది రెండు మిల్లీమీటర్ల పొడుగున తల్లి అచ్చులాగే ఉంటుంది. ఇంట్లో తనంతట తాను సంతతి పెంచుకోవాలంటే ఇంతకన్నా అనువైన ప్రాణి లేదు.

అడుగున మూడు సెంటీమీటర్ల మందాన ఏటి ఇసుక పోశాను. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా పదకొండుసార్లు కడిగాను. ఫిల్టరుకు స్పాంజి, దానికి చిన్న గాలి పంపు. మోటారు ఫిల్టరు పెడితే పిల్ల రొయ్యలు దాని నోట్లోకి పోతాయి. జావా నాచును తెల్ల నూలు దారంతో పెంకు ముక్కలకు కట్టాను. మా వీధిలో బాదం చెట్టుంది, కింద రాలిన ఎండుటాకులు ఓ పది ఏరి, కడిగి, మరిగించి వేశాను. ఆకు మెల్లగా కుళ్ళుతూ నీళ్ళకు లేత టీ రంగు ఇస్తుంది. దాని మీద పెరిగే సన్నటి పొరను రొయ్యలు రోజంతా గీరుకు తింటాయట.

నీళ్ళ దగ్గర కాస్త లెక్క వేయాల్సి వచ్చింది. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత, 780, ఆర్వో నీళ్ళది 30. ఒకటి మరీ గట్టిది, రెండోదాంట్లో గుల్ల కట్టుకోవడానికి కాల్షియమే లేదు. మూడు చెంబులు ఆర్వో, ఒక చెంబు బోరు కలిపితే మీటరు 215 నుంచి 220 మధ్య చూపిస్తోంది. చెర్రీలకు 150 నుంచి 250 దాకా సరిపోతుంది. అప్పటి నుంచి ఇదే కొలత.

తెలిసినవాళ్ళ పాత తొట్టిలోని స్పాంజిని నా తొట్టిలో పిండాను. ఆ మురికిలో ఉండే బాక్టీరియా రొయ్యల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొద్దిగా ఉన్నా ఫరవాలేదు. మూడు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడం కష్టమే. కానీ అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా ఒక్క రొయ్యను కూడా వేయలేదు.

జులై 2024

15 రొయ్యలు తెచ్చాను. నేరుగా తొట్టిలో వదలకుండా, వాటి నీళ్ళతోనే చిన్న బకెట్లో పోసి, సెలైన్ గొట్టం ఒక కొస తొట్టిలో, రెండో కొస బకెట్లో పెట్టాను. గొట్టానికి ఉండే చిన్న చక్రం తిప్పి సెకనుకు ఒకటో రెండో చుక్కలు పడేలా రెండు గంటలు ఉంచాను. మందుల షాపులో దొరికే ఈ గొట్టం కన్నా మంచి పనిముట్టు ఈ పనికి నాకు కనబడలేదు.

నాలుగో రోజు పొద్దున ఇసుక మీద తెల్లగా ఒక రొయ్య పడి ఉంది. గుండె ఝల్లుమంది. తీసి చూస్తే ఖాళీ గుల్ల, మీసాలతో సహా. గుల్ల విడిచిన రొయ్య నాచులో దాక్కుని ఉంది, ఒళ్ళింకా మెత్తగా, రంగు లేతగా. ఆ గుల్లను తీసి పారేయకూడదు, అందులోని కాల్షియం కోసం మళ్ళీ వాటినే తింటాయి.

తిండికి మునగాకు. అమ్మ ఊరి నుంచి పంపినదే. రెండు రెమ్మలు మరిగే నీళ్ళలో నిమిషం ఉంచి వేస్తే మూడు గంటల్లో ఈనెలు మాత్రం మిగులుతాయి. బజారు పాలకూర వేయను. దాని మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు, పురుగుల మందు మనిషికి చేయనంత కీడు రొయ్యకు చేస్తుంది.

ఆగస్టు 2024

ఆ సంగతి ఎంత నిజమో 18వ తేదీన కళ్ళారా చూశాను. సాయంత్రం కింద పార్కింగులో దోమల పొగ వేశారు. తెల్లటి పొగ మూడో అంతస్తు దాకా లేచింది. కిటికీలు మూశాను గానీ, తొట్టికి గాలి పంపు బాల్కనీలో ఉందన్నది తట్టలేదు. అది బాల్కనీ గాలిని పీల్చి, గొట్టం ద్వారా సూటిగా నీళ్ళలోకి పంపుతూనే ఉంది. అరగంటకు రొయ్యలు గోడల వెంబడి పిచ్చిగా ఈదడం మొదలుపెట్టాయి. అవి ఎప్పుడూ అలా ఈదవు. తర్వాత ఒక్కొక్కటే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. దోమ మందులో ఉండే పైరెథ్రాయిడ్లు పురుగుల నరాల మీద పనిచేస్తాయి. రొయ్య కూడా కీటకంలాగే కీళ్ళకాళ్ళ జీవి, దాని నరాలకూ అదే విషం. సగం నీళ్ళు మార్చాను, బొగ్గు సంచి వేలాడదీశాను. తెల్లారేసరికి 15లో ఐదు మిగిలాయి.

ఇప్పుడు గాలి పంపు హాల్లోనే, తొట్టి నీటి మట్టం కన్నా ఎత్తులో ఉంటుంది. పొగ యంత్రం చప్పుడు వినబడితే ముందు పంపు ఆపి, తొట్టి మీద తడి తువ్వాలు కప్పి, గంట తర్వాతే తెరుస్తాను. ఆ గదిలో దోమల లిక్విడ్ పెట్టడం మానేశాం, దోమతెర కట్టుకున్నాం. రొయ్యలు పెంచాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే సంగతి ఇదే, నీళ్ళ లెక్కలు కూడా దీని తర్వాతే.

మిగిలిన ఐదింటిలో రెండు ఆడవి.

సెప్టెంబరు, అక్టోబరు 2024

ఉప్పునీటి తొట్టి ఆలోచన చాలాకాలంగా ఉంది. పగడాలూ రంగు చేపలూ కాదు. తొట్లకొండ బీచి దగ్గరా, మంగమారిపేట దగ్గరా పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి చూడండి, ఆ గుంట నా బల్ల మీద ఉండాలి. అక్కడి జీవాల బతుకంతా నీళ్ళు రావడం, పోవడం మీదే నడుస్తుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. మామూలు అక్వేరియంలో నీటి మట్టం ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. అందులో పెట్టిన సన్యాసి పీత (ఖాళీ నత్త గుల్లలో దూరి బతికే పీత) బతుకుతుంది గానీ, దాని పనులు సగం మానేస్తుంది.

కాగితం మీద గీసి గీసి చివరికి తేల్చింది ఇది. పైన 60×30×35 సెంటీమీటర్ల గాజు తొట్టి. కింద ఇనుప స్టాండులో 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు. పై తొట్టి అడుగున ఒకే ఒక రంధ్రం, అందులో నిలబెట్టిన పీవీసీ గొట్టం, ఎత్తు 24 సెంటీమీటర్లు. ఆ గొట్టానికి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఒక చిన్న బెజ్జం. టబ్బులో పంపు. పంపు నడిస్తే నీళ్ళు పైకెక్కి 24 దగ్గర గొట్టం నెత్తి మీదుగా పొంగి కిందికి పడతాయి, అది పోటు. పంపు ఆగితే బెజ్జంలోంచి కారుతూ 10 దాకా దిగుతాయి, అది పాటు. రెండింటి మధ్య తేడా సుమారు 25 లీటర్లు. కరెంటు పోయినా నేల మీద చుక్క పడకూడదంటే టబ్బులో ఆ 25 లీటర్లకు ఎప్పుడూ చోటుండాలి. పంపు గొట్టం కొస నీళ్ళలో మునగకుండా పైనే ఉండాలి, లేకపోతే పంపు ఆగగానే అదే గొట్టంలోంచి తొట్టి నీళ్ళన్నీ వెనక్కి దిగిపోతాయి. అన్ని వైర్లనూ ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్ళీ పైకెళ్ళేలా వేలాడదీశాను. వైరు వెంట జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్లోకి చేరదు.

రాళ్ళ బదులు ఇంటి కప్పు పెంకులు వాడాను. ఊళ్ళో మా పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన బంగ్లా పెంకులను పగలగొట్టి మెట్లు మెట్లుగా పేర్చాను. కాల్చిన మట్టికి కంటికి కనబడని రంధ్రాలు కోట్లుంటాయి, బాక్టీరియాకు అంతకన్నా ఇల్లేం కావాలి? పగడపు రాయి మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు రక్షిత జీవులు. చట్టం ఉన్నా లేకపోయినా అవి సముద్రంలోనే ఉండాలని నా మాట.

దానా తుపాను రోజుల్లో సముద్రం రేగి ఉంది, నీళ్ళు పట్టే పని వాయిదా. అదే వారం ఇంకో శుభవార్త. రొయ్యల తొట్టిలో ఒక ఆడది గుడ్లు కట్టింది. పొట్ట కింద ఈతకాళ్ళ మధ్య పసుపుపచ్చటి గుత్తి, సుమారు పాతిక గుడ్లు. ఆగకుండా ఆ కాళ్ళతో విసురుకుంటూ ఉంటుంది, గుడ్లకు గాలి తగలాలని.

నవంబరు 2024

కార్తీక పౌర్ణమి 15న. రెండు రోజుల తర్వాత ఆదివారం తెలిసినవాళ్ళ ఆటోలో నాలుగు 20 లీటర్ల వాటర్ క్యాన్లు వేసుకుని మంగమారిపేట వైపు వెళ్ళాం. హార్బరుకూ, మురుగు కాలవలు కలిసే చోట్లకూ దూరంగా ఉండాలని అంత దూరం. నీళ్ళు పోటు వస్తున్నప్పుడే పట్టాలి. పాటు వేళ ఒడ్డు మురికి నీళ్ళలోకి దిగుతుంది, పోటు వేళ లోపలి తేట నీళ్ళు ఒడ్డుకొస్తాయి. నడుం లోతు దాకా వెళ్ళి ముంచాను.

రిఫ్రాక్టోమీటరులో చూస్తే ఉప్పు లీటరుకు 28 గ్రాములు. ఎండాకాలంలో ఇక్కడే పట్టి చూసినప్పుడు 34 ఉంది. వానాకాలంలో నదులు తెచ్చిన మంచినీళ్ళు ఈ నెలల్లో తీరం వెంట దక్షిణానికి పారుతూ ఉంటాయి, అందుకే ఇంత తేడా. నాకు ఏడాది పొడుగునా 33 ఉండాలి. ఉప్పు మిశ్రమం కొనొచ్చు. వంట ఉప్పు మాత్రం పనికిరాదు, అందులో సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం పాళ్ళు ఉండవు. నేను ఏదీ కొనలేదు. నీళ్ళను గుడ్డలో వడకట్టి, పది రోజులు మూతపెట్టి గాలి కొట్టించి, 27న 55 లీటర్లు తొట్టిలో నింపాను. రోజూ లీటరు దాకా ఆవిరవుతోంది. ఆ లీటరుకు బదులు మంచినీళ్ళు కాకుండా నిల్వ ఉంచిన ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చాను. పదకొండో రోజుకు 33.

డిసెంబరు 2024

గొట్టానికి మొదట 2 మిల్లీమీటర్ల బెజ్జం వేశాను. నీళ్ళు దిగడానికి నాలుగు గంటల పైన పట్టేది, అచ్చం సముద్రంలా నెమ్మదిగా. ఎంత బాగుందో! తొమ్మిదో రోజు నాచు తునక అడ్డంపడి పూర్తిగా మూసుకుపోయింది. ఇప్పుడు 4 మిల్లీమీటర్లు, దిగడానికి గంట. గొట్టం చుట్టూ చీలికలు పెట్టిన ఇంకో లావు గొట్టం తొడిగాను, ఇసుకా జీవాలూ లోపలికి పోకుండా. పంపు వాల్వు తిప్పి వేగం తగ్గించాను, పోటు నిండడానికి అరగంట.

పంపుకు కరెంటు ఇచ్చేది గుండ్రటి డయలున్న మామూలు టైమరు. ఆరు గంటలు ఆన్, ఆరు గంటలు ఆఫ్. కానీ సముద్రం రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, టైమరు జరగదు. దీనికి దొరికిన ఉపాయం చాలా చిన్నది. ఈ టైమరు ప్లగ్గు తీస్తే దాని గడియారం కూడా ఆగిపోతుంది. రోజూ తొట్టిలో పాటు ఉన్న వేళ చూసుకుని ప్లగ్గు తీసి, 50 నిమిషాల తర్వాత పెడతాను. అంతే, తొట్టి విశాఖ సముద్రంతో కలిసి నడుస్తుంది. కరెంటు పోయిన రోజు ఆ నిమిషాలు ఇందులోంచి తీసేస్తాను.

ఖాళీ తొట్టిలో బాక్టీరియా కోసం చిన్న చేప ముక్క పల్చటి గుడ్డలో కట్టి వేశాను. అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, తగ్గి, రెండూ సున్నాకు రావడానికి 34 రోజులు. సరిగ్గా డిసెంబరు 31.

జనవరి 2025

5న తెల్లారుజామున జాలారిపేట. పెద్దవల ఒడ్డుకు లాగాక చేపలు ఏరుకుని, పనికిరానివి ఇసుక మీద వదిలేస్తారు. గంటలో ఎండకు చచ్చిపోయే చిన్న పీతలు, గాజులా ఒళ్ళంతా కనబడే రొయ్యలు, గుల్లల్లో సన్యాసి పీతలు. అవే ఏరుకున్నాను, రాళ్ళ మీద బతుకుతున్నవాటి జోలికి పోలేదు. వల సర్దుతున్న పెద్దాయన చూసి, “ఏటి బాబూ, ఇవేటి చేసుకుంటావు? కూరక్కూడా రావు గదా” అన్నాడు. ఇంట్లో పెంచుతానని చెబితే తనే ఇంకో రెండు వెతికి నా డబ్బాలో వేశాడు. మొత్తం ఆరు సన్యాసి పీతలు, మూడు గాజు రొయ్యలు.

ఆ రాత్రి మొదటి పాటుకు తొట్టి ముందు కూర్చున్నాను. నీళ్ళు దిగుతుంటే సన్యాసి పీతలు ఒక్కొక్కటే తడి పెంకుల మీదికి ఎక్కాయి. పెంకు మీది పాచిని చిన్న డెక్కలతో గిల్లి గిల్లి, ఒకదాని తర్వాత ఒకటి నోటికి అందిస్తున్నాయి. చెవి దగ్గర పెడితే గుల్ల పెంకుకు తగిలే చప్పుడు వినిపిస్తోంది. పోటు మొదలవగానే అన్నీ నీడకు చేరాయి.

వీటికి బజారు పచ్చి రొయ్య ముక్క వేయను. 1990ల నడుమ ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్య చెరువులను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్ పచ్చి రొయ్య మాంసంలో బతికి ఉండొచ్చు, పీతలకూ అంటుకుంటుంది. వారానికి రెండుసార్లు వేలిగోరంత చేప ముక్క, అప్పుడప్పుడు ఉడికించిన బఠాణీ. అదే కారణంతో తొట్టిలోంచి తీసిన నీళ్ళను కాలవలో గానీ సముద్రంలో గానీ పోయను, బ్లీచింగు కలిపి బాత్రూములో పారబోస్తాను. చెర్రీలను చెరువుల్లోనో కాలవల్లోనో వదలడం కూడా తప్పే, అవి ఈ నేలవి కావు.

సంక్రాంతికి 11 నుంచి 18 దాకా ఊళ్ళో ఉన్నాం. పక్కింటివాళ్ళకు టైమరు సంగతి చెప్పాను గానీ నీళ్ళు పోయమని చెప్పలేదు. తిరిగొచ్చేసరికి ఏడు లీటర్లు ఆవిరై ఉప్పు 38. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. ఎండకు కాగే రాతి గుంటల్లో పుట్టిపెరిగినవి కాబట్టి సన్యాసి పీతలు తట్టుకున్నాయి. గాజు రొయ్య ఒకటి పోయింది. రెండు రోజుల పాటు కొద్దికొద్దిగా ఆర్వో నీళ్ళు పోసి 33కు తెచ్చాను.

ఇక దీనికి ఒక ఏర్పాటు చేయక తప్పలేదు. కోడిపిల్లలకు నీళ్ళు పెట్టే డబ్బా తెలుసు కదా, తలకిందులుగా ఉన్న సీసాలోంచి మట్టం తగ్గినప్పుడే నీళ్ళు దిగుతాయి. అలాగే 5 లీటర్ల డబ్బాను ఆర్వో నీళ్ళతో నింపి, కింది టబ్బులో మూతి నీటి మట్టానికి తగిలేలా బోర్లించాను. పాటు వేళ పెట్టాను. పోటు మొదలవగానే టబ్బులో నీళ్ళు 25 లీటర్లు తగ్గాయి, మూతి గాలిలోకి తేలింది, డబ్బా మొత్తం గుడగుడమని ఖాళీ అయింది. ఉప్పు 30కి పడింది. మామూలు తొట్టికి రాసిన పద్ధతి ఆటుపోట్ల తొట్టికి ఇలా తిరగబడుతుంది. డబ్బా మూతి ఉండాల్సింది నిండు పోటు వేళ టబ్బులో మిగిలే మట్టం దగ్గర. మిగతా సమయమంతా మూతి మునిగే ఉంటుంది. పోటు వేళ, ఆవిరైన మేరకు మాత్రమే నీళ్ళు దిగుతాయి. రోజుకు రెండుసార్లు, అర లీటరు చొప్పున. ఫిబ్రవరి నుంచి ఉప్పు 33, 34 దాటలేదు.

ఫిబ్రవరి 2025

ఒడ్డున పారేసిన పాత వల బెండు ఒకటి దొరికింది, దాని నిండా బార్నకిల్స్. పడవల అడుగున సున్నపు గుత్తుల్లా అతుక్కుని, గీకినా ఊడని గుల్లలు ఇవే. నత్తల జాతి అనుకుంటాం గానీ ఇవీ రొయ్యకు చుట్టాలే. పిల్లగా ఉన్నప్పుడు ఈది, ఒకచోట తల అతికించుకుని, ఆపైన బతుకంతా అక్కడే. బెండు ముక్కను 15 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే రోజూ సగం సమయం నీళ్ళు తగలని చోట కట్టాను. పాటులో మూతలు బిగించుకుని రాయిలా ఉంటాయి. పోటు నీళ్ళు అంచును తాకిన నిమిషానికి మూత నడిమికి చీలుతుంది, అందులోంచి ఈకలాంటి కాళ్ళ కుచ్చు బయటికొచ్చి నీళ్ళను ఒడిసిపట్టి లోపలికి లాగుతుంది. మళ్ళీ చాస్తుంది. భూతద్దం పట్టుకుని ఎన్ని రాత్రులు చూశానో!

వీటికి తేలే తిండి కావాలి. ఆర్టీమియా అనే, ఉప్పునీళ్ళలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి గుడ్లు తెచ్చాను. మన తీరం వెంట రొయ్యల హేచరీలు ఉన్నాయి కాబట్టి అవి దొరకడం కష్టం కాదు. లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులు చేసి, ఉప్పునీళ్ళు పోసి, అర చెంచా గుడ్లు వేసి, మూతి దగ్గర నుంచి గట్టిగా గాలి కొట్టిస్తే 24 గంటల నుంచి 36 గంటల్లో నారింజ రంగు పిల్లలు. గాలి ఆపి కిందవైపు దీపం పెడితే అవి వెలుతురు దగ్గరకు చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. సెలైన్ గొట్టంతో పిల్లలనే లాగి, మంచినీళ్ళలో ఒకసారి కడిగి, పోటు వేళ వేస్తాను. మిగిలినవి గాజు రొయ్యలకు.

మార్చి 2025

చెర్రీలు లెక్కపెట్టడం ఇక సాధ్యం కాదు. మునగాకు వేసిన చోట ఫోటో తీసి లెక్కేస్తే 63, నాచులో దాక్కున్నవి వేరే. ఆ ఐదింటి నుంచే.

22న సన్యాసి పీతల్లో పెద్దది గుల్ల మార్చింది. దాని ఇల్లు ఇరుకైందని తెలుస్తూనే ఉంది, డెక్క లోపలికి పట్టడం లేదు. వంటింట్లో మిగిలిన నత్త గుల్లలు నాలుగు మరిగించి ముందే వేసి ఉంచాను. పాటు వేళ ఒక గుల్ల దగ్గరకొచ్చి దాన్ని దొర్లించింది, డెక్కను మూతిలో పెట్టి లోతు కొలిచింది, లోపలి ఇసుక గింజలు ఒక్కొక్కటే బయట పారేసింది. పావుగంట ఇదే పని. తర్వాత రెండు మూతులూ ఎదురెదురుగా పెట్టుకుని, రెప్పపాటులో మెత్తటి వంకర పొట్టను ఇందులోంచి తీసి అందులో దూర్చింది. వదిలేసిన గుల్లలోకి గంటలోపే రెండో పీత వచ్చింది.

ఏప్రిల్ 2025

ఎండలు. ఉప్పు తొట్టి 31 డిగ్రీలు, వాటికి చింత లేదు. రొయ్యల తొట్టి 30 దాటితే ప్రమాదం, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మీద చిన్న ఫ్యాను పెట్టాను. విశాఖ ఉక్కపోతలో గాలికి తేమ ఎక్కువ, అందుకే డిగ్రీన్నరకు మించి దిగడం లేదు. మూత తీసేసి వల కట్టాను, తిండి సగం తగ్గించాను, పొద్దున నీళ్ళు మార్చడం మాని రాత్రికి మార్చుకున్నాను. గుడ్లు కట్టిన ఆడవి ఈ నెల రెండే ఉన్నాయి, జనవరిలో తొమ్మిది.

బెండు మీద పాత బార్నకిల్స్ పక్కన, పెంకు అంచున, ఆవగింజంత తెల్లటి చుక్కలు మూడు కనబడ్డాయి. గోటితో తాకితే కదల్లేదు. నిన్న పోటు వేళ భూతద్దంలో చూస్తే ఒకదాని మూత తెరుచుకుంది.

ఇవాళ పాటు రాత్రి 8:40కి. ప్లగ్గు 9కి తీయాలి, 9:50కి పెట్టాలి.